కొక్కెం తాకని కడుపు

సోమవారం పొద్దున తొమ్మిదీ నలభైకి, ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివి రెండుసార్లూ అక్కడే ఆగిపోయిన పోలరాజు, కోట్లు పోసి కొన్న ఆపరేషన్ రోబో ముందు స్టూలు లాక్కుని కూర్చుని, అద్దాల గూట్లో తల పెట్టాడు.

"తల తియ్యకండి. తీస్తే దాని చేతులు ఆగిపోతాయి," అంది నర్సు శ్రీదుర్గ.

"మా ఆవిడా ఇదే అంటదమ్మా. నేను తల వంచితేనే ఇంట్లో పనులు నడుస్తాయని."

పది అడుగుల అవతల బల్ల మీద ఒక రబ్బరు దిమ్మ ఉంది. దాని మీద చిన్న చిన్న రింగులు. కొత్తగా నేర్చుకునే డాక్టర్లు వాటిని ఒక మేకు మీంచి ఇంకో మేకు మీదికి మారుస్తూ చెయ్యి తిప్పుకుంటారు. పోలరాజు రింగుల జోలికి పోలేదు. రోబో కుడిచేత్తో పక్కనున్న తెల్ల అట్టముక్క అంచు పట్టాడు, ఎడమచేత్తో రెండో అంచు పట్టాడు, సర్రున చించాడు.

"అది నా విజిటింగ్ కార్డు!" అన్నాడు విఠల్.

"అవునా మాస్టారూ? ఇక్కణ్ణుంచి పేరు కనపళ్ళా. నాకు తెల్ల ముక్క కనపడింది, చించమన్నారు, చించేశా. ఎవరిదో ఏంటో నాకేం తెలుసు?"

గోడ పక్కన నిలబడ్డ నాగమల్లేశ్వరి ఫక్కున నవ్వింది. పది వారాల్లో ఆ పిల్ల నవ్వడం పోలరాజు వినడం అదే మొదలు. కానీ ఆయన నవ్వలేదు. వేళాకోళానికి అన్న మాట తేలుకొండిలా తిరిగి తనకే తగిలింది. గూట్లోంచి తల మెల్లగా బయటికి తీశాడు.

"డాక్టరుగారూ, ఇక్కడ కూర్చుంటే మనిషి మొహం కనపడదా?"

డాక్టర్ హర్షవర్ధన్ గోడ గడియారం చూశాడు. "లోపలి భాగం కనపడుతుంది. పదింతలు పెద్దదిగా. మొహంతో నాకేం పనండీ?"

"మీకు లేకపోవచ్చు," అంది నాగమల్లేశ్వరి. "నాకుంది."

నాగమల్లేశ్వరికి ముప్పై మూడేళ్ళు. కొల్లేటి ఒడ్డున చేపల చెరువుల మీద బతికే కుటుంబం. కడుపులో బత్తాయంత గడ్డ పెరిగిందనీ, అది తీస్తే బిడ్డ నిలుస్తుందనీ ఈ ఆసుపత్రిలో చెప్పారు. రోబోతో అయితే చిన్న చిల్లులే, మూణ్ణాలుగు రోజుల్లో ఇంటికి పోవచ్చన్నారు. ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, కాగితం కింద తన చేత్తో రాసింది: 'గడ్డ మాత్రమే తియ్యాలి. గర్భసంచి ముట్టుకోకూడదు.' పది వారాల కిందట ఒక సోమవారం లోపలికెళ్ళింది. మెలకువ వచ్చేసరికి గర్భసంచి లేదు. రక్తం ఆగలేదు, ప్రాణం కాపాడటానికి తీసేశాం అన్నారు.

ఆసుపత్రివాళ్ళు మూడుసార్లు పళ్ళబుట్ట పంపించారు. మూడుసార్లూ వెనక్కి పంపింది. మూడోసారి బుట్టలో పళ్ళ కింద ఎండుచేపలు, సావిళ్ళు, పెట్టింది మాత్రం పోలరాజే. ఆ వాసనకి రిసెప్షన్ ఏసీ రెండు రోజులు ఆపుకున్నారట.

ఆ పిల్ల అడిగింది ఒకటే. 'ఆరోజు నా కడుపులో ఏం జరిగిందో, చేసిన మనిషి నా ఎదురుగా కూర్చుని చెప్పాలి.' రేపు పదకొండింటికి డాక్టర్ల కమిటీ ముందు విచారణ. ఈలోపు రుజువు దొరకకపోతే ఫిర్యాదు కొట్టేస్తారు. అందుకే వరసకి బాబాయి, వృత్తికి ప్రైవేటు డిటెక్టివు అయిన పోలరాజుని వెంటబెట్టుకొచ్చింది.

విఠల్ ఈ ఆసుపత్రి విజిలెన్స్ ఆఫీసరు. డీఎస్పీగా రిటైరైనా ఇస్త్రీ మడత పోని మనిషి. పదకొండేళ్ళ కిందట ఐసు లారీలో రొయ్యల దొంగని పట్టింది పోలరాజు, పతకం పెట్టించుకుంది విఠల్. అప్పట్నుంచీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

"వేషాలు అయిపోతే ప్రశ్నలు అడగండి రాజుగారూ," అన్నాడు విఠల్. "మీకిచ్చింది అరగంట. పది నిమిషాలు కార్డు చింపడానికే పోయింది."

"మిగతా ఇరవైలో ఇంకేం చింపాలో చూద్దాం. డాక్టరుగారూ, ఆరోజు మా అమ్మాయి ఎన్నో కేసు?"

"రెండోది," అని డాక్టరు అనేలోపే విఠల్ ఫైలు తెరిచాడు. "మెషీన్ రికార్డు చదువుతా, వినండి. మొదటి కేసు వేరే పేషెంటు, పేరు మీకనవసరం. గర్భసంచి తొలగింపు. ఏడూ నలభై ఎనిమిది నుంచి తొమ్మిదీ ఇరవై రెండు. రెండో కేసు నాగమల్లేశ్వరి. గడ్డ తొలగింపు. తొమ్మిదీ యాభై అయిదు నుంచి పదకొండూ నలభై ఒకటి. పదీ యాభైకి విపరీతమైన రక్తస్రావం. ప్రాణాపాయం వల్ల గర్భసంచి తొలగించడమైనది."

"విపరీతమైన," అని చప్పరించాడు పోలరాజు. "ఎన్ని సీసాల రక్తం ఎక్కించారండీ?"

డాక్టరు మళ్ళీ గడియారం చూశాడు. "అవసరం రాలేదు. వెంటనే కంట్రోల్ చేశాం."

"అంటే సంచి తీసేసేంత కారింది గానీ, సీసా ఎక్కించేంత కారలేదు. బాగుందండీ! ఇల్లు తగలబడింది గానీ పొయ్యి మీద పాలు పొంగలేదన్నట్టు."

"వైద్యం తెలియనివాళ్ళకి ఇంతకంటే చెప్పలేను. ఈ మెషీన్ మీద పన్నెండొందల ఆపరేషన్లు చేశాను. ఈవిడ బతికుందంటే ఈ చేతుల వల్లే."

"చేతులు మంచివేనండీ," అంది నాగమల్లేశ్వరి. "నేను అడిగేది నోటి గురించి. అదెందుకు తెరుచుకోదు?"

శ్రీదుర్గ గబుక్కున మొహం తిప్పుకుని, ట్రేలో సరిగ్గానే ఉన్న పరికరాలని మళ్ళీ సర్దింది. పోలరాజు ఆ చేతులు చూశాడు. ఆయన వెళ్ళి ట్రే పక్కన నిలబడ్డాడు. సన్నటి పొడుగాటి కడ్డీలు, చివర కత్తెరలు, పట్టకార్లు. ఒకదాని చివర మాత్రం రెండు వంకర ముళ్ళు.

"ఓర్నీ! ఇది మా కొక్కెం కదూ! కొరమీనుని గుచ్చి లాగే కొక్కెం. ఇక్కడికెట్టా వచ్చింది?"

"అది గడ్డల కోసమండి," అంది శ్రీదుర్గ. "గడ్డ నున్నగా జారిపోతుంది. దీంతో గుచ్చి పట్టి పైకి లాగితే, చుట్టూ కోసి తీస్తారు."

"మొత్తం సంచి తీసేటప్పుడో?"

"దానికి ఇది అక్కర్లేదండి."

"ఆరోజు దీన్ని వాడారా లేదా ఇప్పుడెట్టా తెలుస్తది?"

"తెలుస్తుందండి. ఒక్కో పరికరం ఇన్నిసార్లే వాడాలని ఉంటుంది. అందుకని ఏది ఎప్పుడు తగిలించామో మెషీనే గుర్తుపెట్టుకుంటుంది. మనం మార్చలేం."

"మనం మార్చలేం," అన్నాడు పోలరాజు ప్రతి అక్షరం నముల్తూ. "అయితే అడుగు తల్లీ దాన్ని."

శ్రీదుర్గ డాక్టరు వైపు చూసింది. డాక్టరు తలూపాడు, ధీమాగానే. ఆమె తెర మీద వేలితో నొక్కుతూ వెనక్కి పోయింది. ఆ సోమవారం దగ్గర ఆగింది.

"మొదటి కేసులో వాడలేదు. రెండో కేసులో వాడాం. పదీ పన్నెండుకి లోపలికి వెళ్ళింది, పదకొండూ ఆరుకి బయటికొచ్చింది."

విఠల్ చప్పట్లు కొట్టాడు, మూడే మూడు. "థాంక్స్ రాజుగారూ. మా కేసు మీరే గెలిపించారు. రెండో కేసులో గడ్డ తీయడానికే మొదలుపెట్టారని మెషీనే సాక్ష్యం చెప్పింది. రేపు కమిటీ ముందు ఇదే పెడతా."

పోలరాజు వంగి కొక్కెం ముళ్ళని మళ్ళీ లెక్కపెట్టాడు.

డాక్టరు లేచాడు. గోడ గడియారంలో పదీ అయిదు. "నాకు ఎమర్జెన్సీ కేసుంది. వెళ్ళాలి."

"ఇవాళ లిస్టు మొత్తం క్యాన్సిల్ చేశారు కదా సార్?" అంది శ్రీదుర్గ, అనాలోచితంగా.

"ఇక్కడ కాదు, వేరేచోట." తలుపు ఊగి మూసుకుంది. ఆ వెళ్ళడంలో గెలిచినవాడి నిదానం లేదు. ఒక్కొక్కటిగా దిగాల్సిన మెట్లు రెండేసి దిగుతున్న చప్పుడు.

"నేను రెండోదాన్ని కాదు," అంది నాగమల్లేశ్వరి.

విఠల్ ఓపిగ్గా నవ్వాడు. "అమ్మా, మత్తులో ఉన్నవాళ్ళకి అలాగే అనిపిస్తుంది."

"మత్తు ఎక్కకముందు మాటండీ ఇది. అదిగో, ఆ గడియారమే చూశా. ఏడూ ముప్పై అయిదు. లోపలికొచ్చేముందు బయట ఒకటే గోల, సోమవారం ఏడున్నర నుంచీ రాహుకాలమంట, తొమ్మిది దాటందే మా ఆవిణ్ణి లోపలికి పంపనని ఒకాయన పంచాంగం పట్టుకుని నిలబడ్డాడు. మిషను ఖాళీగా ఉంచలేం, ముందెవరు వస్తారని వీళ్ళు అడుగుతున్నారు. నేనే అన్నా, నన్ను తీసుకుపొండని. మేం గాలి చూసి వల వేస్తాం గానీ రాహుకాలం చూసి కాదు. చేపలకేం రాహుకాలం?"

"కథ బాగుంది. కాగితముందా?" అన్నాడు విఠల్. "రేపు కమిటీ అడిగేది అదే. లిస్టు మాదగ్గరుంది, మెషీన్ రికార్డు మాదగ్గరుంది. మీ దగ్గర ఒక మాట ఉంది. నేను ముప్పై మూడేళ్ళు కోర్టులు చూశానమ్మా. మాటకి అక్కడ కుర్చీ కూడా వెయ్యరు."

"మీరు చూసినన్ని కోర్టులు మా బాబాయి చూళ్ళేదు. కానీ దొంగని చూస్తే గుర్తుపడతాడు."

"దొంగంటే ఎవరినమ్మా నువ్వనేది?"

"గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకుంటారేంటండీ?" అంది ఆ పిల్ల.

పోలరాజు ఈ గొడవ వింటూనే అలవాటుగా ఎడమచేతి ఉంగరపు వేలు తిప్పుకోబోయాడు. వేలు బోసిగా ఉంది. ఆయన మొహం వెలిగింది.

"నా ఉంగరం!" అని కేకేశాడు. "విఠల్ గారూ, నా రాగి ఉంగరం లేదు. తాతల నాటిది. ఆయా దగ్గరుండిపోయింది. నేను పోతున్నా!"

అంటూనే తలుపు తోసుకుని బయటికి ఉరికాడు.

లోపలికి వచ్చేవాళ్ళు ఎవరైనా సరే ఒంటి మీది నగలు ముందుగదిలో వదలాల్సిందే. ఆయా సీతారావమ్మ ఈ విషయంలో కలెక్టరుని కూడా లెక్కచెయ్యదు. పొద్దున పోలరాజు ఉంగరం ఊడబీకించి, పొట్లం కట్టి, పుస్తకంలో టైము వేసి సంతకం పెట్టించుకుంది. పోలరాజు సంతకం చేప బొమ్మలా ఉంటుంది. ఇవాళ దానికి మీసాలు కూడా పెట్టాడు.

"అమ్మా సీతారావమ్మా, నా మీసాల చేప ఏ పేజీలో ఈదుతోంది?"

"ఇదిగో, ఉంగరం తీసుకుని మళ్ళీ సంతకం పెట్టండి," అంటూ ఆమె అట్టలూడిన పొడుగు పుస్తకం ముందుకి తోసింది.

"దీంట్లో పాతవి కూడా ఉంటాయా?"

"ఉండకేం? ఒకసారి ఎవరో చెవిదిద్దు పోయిందని నా మీద పెట్టారు. అప్పట్నుంచీ ఎవరి నగ ఎప్పుడు తీశానో, ఎవరి చేతిలో పెట్టానో, టైముతో సహా రాయించుకుంటున్నా. ఆఫీసువాళ్ళకి తెలీదు, ఇది నా సొంత పుస్తకం."

పోలరాజు అప్పటికే పేజీలు వెనక్కి తిప్పుతున్నాడు. విఠల్ చెయ్యి వచ్చి పుస్తకం మీద పడింది.

"ఇది ఆసుపత్రిది. ముట్టుకోవద్దు."

"ఆవిడ సొంతమంటోందిగా."

"ఆవిడ మా ఉద్యోగి. ఇందులో వేరే పేషెంట్ల వివరాలున్నాయి. చెయ్యి తియ్యండి, లేకపోతే స్టేషన్‌కి ఫోన్ చేస్తా. మనిద్దరి పాత పరిచయం కూడా చూడను."

"పాత పరిచయం చూస్తే ఆ పతకం సగం నాకివ్వాలి, చూడకపోవడమే మీకు మేలు."

ఇద్దరు పెద్దమనుషులూ పుస్తకం చెరో కొసా పట్టుకుని, పంపు దగ్గర బిందె కోసం కొట్టుకునేవాళ్ళలా నిలబడ్డారు. నాగమల్లేశ్వరి మధ్యలోకి వచ్చింది. మెల్లగా ముందు బాబాయి వేళ్ళు విడదీసింది. తర్వాత విఠల్ కళ్ళలోకి చూసింది.

"దీంట్లో నా తాళి రాసుంది. నా మట్టెలు రాసున్నాయి. నా కడుపులోంచి ఏం తీశారో చెప్పరు, నా కాళ్ళ నుంచి ఏం తీశారో అది కూడా చూడనివ్వరా? స్టేషన్‌కి ఫోన్ చెయ్యండి. వాళ్ళొచ్చేదాకా నేను చదువుతూ ఉంటా."

విఠల్ చెయ్యిని మాత్రం ఆ పిల్ల లాగలేదు. ఆయనే ఎందుకో తీసేశాడు.

పేజీ దొరికింది. పైనే ఉంది.

'నాగమల్లేశ్వరి. మంగళసూత్రాలు, నల్లపూసలు, మట్టెలు రెండు. ఏడూ పదిహేను. తీసుకున్నది: గంగారత్నం, అత్తగారు.' పక్కన గంగారత్నం వేలిముద్ర.

రెండు వరసల కింద, గుండ్రటి అక్షరాలతో, ఎవరో బడిపంతులు రాసినట్టు:

'కె. రమాసుందరి, పామర్రు. మంగళసూత్రాలు, గాజులు నాలుగు. తొమ్మిదీ ఇరవై. తీసుకున్నది: జానకిరామయ్య, భర్త.' ఆ పక్కన ఫోను నెంబరు.

"గుర్తుంది బాబూ," అంది సీతారావమ్మ. "ఆయనే పంచాంగం ఆయన. తొమ్మిది దాటేదాకా ఆవిడ మెళ్ళో తాళి తియ్యనిస్తేగా! రాహుకాలంలో తాళి తీస్తారా అని నా మీద ఎంత ఎగిరాడనీ. ఆవిణ్ణి లోపలికి పంపేసరికి తొమ్మిదిన్నర."

పోలరాజు విఠల్ వైపు తిరిగాడు. ఇప్పుడు ఆ గొంతులో వేళాకోళం లేదు.

"విఠల్ గారూ, మీరు పోలీసుగా చెప్పండి. తొమ్మిదీ ఇరవైకి మెళ్ళో తాళితో ఇక్కడ కూర్చున్న మనిషి, ఏడూ నలభై ఎనిమిదికి లోపల బల్ల మీద ఎట్టా ఉంటది?"

విఠల్ ఫైలు తెరిచాడు. రిజిస్టరు చూశాడు. మళ్ళీ ఫైలు చూశాడు.

"మొదట వెళ్ళింది మా అమ్మాయి," అన్నాడు పోలరాజు. "మొదటి కేసులో కొక్కెం వాడలేదని మెషీన్ చెప్పింది. అంటే గడ్డ తీద్దామని ఎవరూ మొదలుపెట్టనేలేదు. కూర్చోవడమే సంచి తీయడానికి కూర్చున్నారు. పదీ యాభైకి రక్తం కారిందని రాశారే, ఆ టైముకి ఈ పిల్ల వార్డులో ఉంది. గూట్లోంచి మొహం కనపడదు. లిస్టులో ఎవరి పేరుంటే బల్ల మీద వాళ్ళే ఉన్నారనుకున్నాడు. లిస్టు మార్చలేదు. అంతేనా శ్రీదుర్గమ్మా?"

అందరూ తిరిగి చూశారు. థియేటరు తలుపు దగ్గర శ్రీదుర్గ నిలబడి ఉంది. కళ్ళ నిండా నీళ్ళు.

"మత్తు ఇచ్చేముందు చేతి పట్టీ చూసి పేరు గట్టిగా చదవాలండి," అంది. "ఆరోజు ఆరు కేసులు. సార్ తొందరపెట్టారు. బోర్డు మీద పేరు చదివేశాం. పట్టీ చూడలా. సాయంత్రం వార్డులో బయటపడింది. నోరెత్తితే నీ లైసెన్సు పోతుంది, నువ్వే కదా పట్టీ చూడాల్సింది అన్నారు. నాకు ఇద్దరు పిల్లలు." అక్కడ ఆమె నాలుక కరుచుకుంది. పిల్లలన్న మాట ఎవరి ముందు అన్నదో అప్పుడు తెలిసినట్టుంది.

నాగమల్లేశ్వరి గోడకి ఆనుకుని, పుస్తకం పొట్టకి హత్తుకుంది.

"పొరపాటన్నమాట," అంది చివరికి. "పొరపాటు నాకు చెప్పుంటే ఏడ్చేదాన్ని. తిట్టేదాన్ని. నా ప్రాణం కాపాడామని చెప్పి, నా చేత దణ్ణం పెట్టించుకున్నాడు."

పోలరాజు ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి వేసినట్టే ఆగిపోయింది.

"శ్రీదుర్గమ్మా. రెండో కేసులో కొక్కెం వాడారు. వాడిందెవరి కడుపులో?"

శ్రీదుర్గ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఆవిడకీ గడ్డ ఉందండి. కానీ ఆవిడకి ముక్క పరీక్షలో చెడ్డ కణాలు వచ్చాయి. ఇంకొన్నాళ్ళు ఉంచితే కేన్సరే. అందుకని సంచి మొత్తం తియ్యాలి. సాయంత్రమే చెప్పానండి, ఆవిడ సంగతేంటి సార్ అని. కొన్నాళ్ళకి అడిగితే, పిలిపించి మళ్ళీ చేసేశాను, నువ్వు మర్చిపో అన్నారు."

"చేశాడో లేదో ఎట్టా తెలుస్తది?"

"చిల్లులు చూస్తే తెలుస్తుందండి. సంచి తీస్తే కాన్పు దారినే బయటికొచ్చేస్తుంది, పొట్ట మీద చిన్న చుక్కలు నాలుగే. గడ్డ ఒక్కటే తీస్తే అది బయటికి రావడానికి కింద పెద్ద కోత పెట్టాలి. మళ్ళీ ఆపరేషన్ చేస్తే మరోసారి ఆసుపత్రిలో పడుకుని ఉండాలి కదండీ."

"నాకు నాలుగే," అంది నాగమల్లేశ్వరి, పొట్ట తడుముకుని. "పెద్దది లేదు."

పదీ ఇరవై అయిదు. పోలరాజు రిజిస్టరులో నెంబరు కొట్టాడు. మోగుతుండగా గతుక్కుమన్నాడు. ముక్కూమొహం తెలియని ఆడమనిషిని, పొట్ట మీద మచ్చలెన్ని అని ఏ నోటితో అడగాలి? జన్మలో మొదటిసారి సిగ్గేసి, ఫోను నాగమల్లేశ్వరి చేతిలో పెట్టాడు. ఆమె స్పీకరు నొక్కింది.

"హలో, ఎవరండీ?" అవతల తీరైన గొంతు. వెనక కారు చప్పుడు.

"రమాసుందరి గారాండీ? నేను నాగమల్లేశ్వరినండి. ఆరోజు ఆసుపత్రిలో మీ వారు రాహుకాలం అంటుంటే, మీకంటే ముందు లోపలికెళ్ళానే."

"ఆఁ, మీరా అమ్మా! ఎన్నిసార్లు తల్చుకున్నామో. మీ పుణ్యమాని మాకు గండం తప్పిందని మావారు ఇప్పటికీ అంటారు. పరీక్షకి పంపిన గర్భసంచిలో చెడు ఏమీ లేదని రిపోర్టు కూడా వచ్చింది. స్టాఫ్ రూములో అందరికీ పూతరేకులు పంచాను. మీరు బాగున్నారా?"

నాగమల్లేశ్వరి కళ్ళు మూసుకుని తెరిచింది. పరీక్షకి వెళ్ళింది ఎవరి గర్భసంచో అక్కడున్న అందరికీ తెలుసు.

"బాగున్నానండి. ఒక్కటి అడుగుతా, ఏమనుకోకండి. మీ పొట్ట మీద మచ్చలెన్నున్నాయి?"

"అదేం ప్రశ్నమ్మా? చిన్నవి నాలుగు. కింద ఒకటి పెద్దది, నా చూపుడువేలంత. అన్నీ ఆరోజువే, మళ్ళీ నేను ఆసుపత్రి మెట్టెక్కలేదు. ఏం, మీకు నొప్పిగా ఉందా? నాకూ మొన్న కాస్త ఎరుపు కనపడింది."

మళ్ళీ చెయ్యనేలేదన్నట్టు శ్రీదుర్గ తల అడ్డంగా ఊపింది.

"డాక్టరుగారికి ఫోన్ చేస్తే, లోపల ఒక కుట్టు సరిచెయ్యాలన్నారు," అంటోంది అవతల రమాసుందరి. "గన్నవరం దగ్గర ఆయనకి తెలిసినవాళ్ళ నర్సింగ్ హోం ఉందట. పావుగంట పనట. ఏమీ తినకుండా రండి, ఎవరికీ చెప్పి కంగారు పెట్టకండి అన్నారు. మావారికి కూడా చెప్పలేదు. ఆయన అలవాటు చొప్పున రాహుకాలం మాత్రం దాటనిచ్చి ఎక్కాను. ఆసుపత్రి కారే పంపించారు, తెల్లది. ఉయ్యూరు దాటాం."

విఠల్ ఫైలు మూసేశాడు. "తెల్ల కారు," అన్నాడు. "పొద్దున ఏడున్నరకి గేటు పాస్ మీద సంతకం పెట్టింది నేనే. వీఐపీ పేషెంటు అన్నాడు."

పది వారాలు ఊరుకుని, విచారణకి ఒక్కరోజు ముందు, చెప్పకుండా చెయ్యకుండా మత్తు ఇచ్చి, మిగిలిన సంచి కూడా మాయం చేసేస్తే, ఇంక పొరపాటు జరిగిందనడానికి ఈ భూమ్మీద ఆనవాలుండదు.

"అమ్మగారూ," అంది నాగమల్లేశ్వరి. "నిదానంగా వినండి. మీ గర్భసంచి మీ కడుపులోనే ఉంది. మీ బదులు నాది తీసేశారు. ఆ రిపోర్టు నాది. మీకు వైద్యం కావాలి, తప్పకుండా కావాలి, కానీ మీకు తెలిసి, మీ వాళ్ళకి తెలిసి, మీరు ఒప్పుకున్న చోట. ఇప్పుడు కారు ఆపించి దిగెయ్యండి."

ఆ గొంతు డ్రైవరు వైపు తిరిగింది. "బాబూ, బండి పక్కకి తియ్యి."

"ఆపొద్దన్నారండి సారు. దింపేదాకా ఎక్కడా ఆపొద్దన్నారు."

"ఆపమంటే ఆపు!" అది ముప్పై ఏళ్ళు అల్లరి క్లాసుల్ని అణచిన గొంతు. దాని వెనకే ఏదో కింద పడ్డ చప్పుడు. ఫోను తెగిపోయింది.

విఠల్ జేబులోంచి తాళాలు తీశాడు. "నా కారు కిందుంది. కంకిపాడు దగ్గర అడ్డం పడొచ్చు. అక్కడి ఎస్సైకి నేను చెప్తా." ఒక్క అడుగు వేసి ఆగాడు. "రాజుగారూ, ఆ రిజిస్టరు మీ దగ్గరే ఉంచండి. నాకివ్వకండి."

అప్పుడే శ్రీదుర్గ జేబులో ఫోను మోగింది. తెర మీద పేరు చూసి, ఏదో పురుగుని చూసినట్టు దూరంగా పట్టుకుంది. పోలరాజు సైగ చేశాడు. ఆమె స్పీకరు నొక్కింది.

"శ్రీదుర్గా, ఎక్కడున్నావ్?" డాక్టర్ హర్షవర్ధన్ గొంతు, రోడ్డు హోరులో. "ఆటో ఎక్కి గన్నవరం వచ్చెయ్. పేషెంటు దారిలో ఉంది. మత్తు డాక్టరు రెడీ. పదకొండూ పదికి మొదలుపెట్టేస్తాం."

"నేను రాను సార్," అంది శ్రీదుర్గ. "ఇక నా వల్ల కాదు."

నాగమల్లేశ్వరి ఆమె చేతిలోంచి ఫోను తీసుకుంది. పోలరాజు ఆపబోయి మానుకున్నాడు. దొంగతనంగా వెయ్యాల్సిన కత్తి, నలుగురూ చూస్తున్నారని తెలిస్తే లేవదు. ఆ మాట ఆ పిల్లే చెప్పాలి.

"ఆవిడ రాదంట డాక్టరుగారూ," అంది మెట్లు దిగుతూనే, రిజిస్టరు చంకలో పెట్టుకుని. "నేను వస్తున్నా. మొదటి కేసుని. ఈసారి గూట్లోంచి తల బయటపెట్టి, నా మొహం చూద్దురుగాని."